గరిటె పట్టిన చెయ్యి

ఆ ఇంట్లో మధ్యాహ్నం అన్నం తినాలంటే ముందు ఒక తిట్టు తినాలి.

మిషన్లు ఆగేవి. పొద్దుటినుంచి గాలిలో తేలుతున్న దూది, పోనీలే ఇక దిగుదాం అన్నట్టు మెల్లగా కిందికి దిగేది. పరుపులు కుట్టే పెద్ద బల్ల మీద చారల గుడ్డని ఒక పక్కకి మడిచి, దబ్బనాలని డబ్బాలో పడేసి, అదే బల్ల మీద కంచాలు పరిచేవారు. అత్తగారు లోపలినుంచి కూరగిన్నె ఒక చేత్తో, గరిటె ఒక చేత్తో పట్టుకుని వచ్చేది. గరిటె ఆవిడ చేతిలో ఉందంటే నోరు కూడా ఆవిడదే.

మొదటి వంతు మావయ్యది. ఆయన అత్తగారి తమ్ముడు. దూది ఏకే మిషను ఆయనది. కనుబొమల మీద, చెవుల మీద దూది అంటుకుని, పొద్దున్న పనిలోకి దిగినప్పటికంటే పదేళ్ళు ముసలివాడై అన్నానికొచ్చేవాడు.

"వచ్చారా తేరకూటి దొరగారు," అనేది ఆవిడ. "చిప్ప కడుక్కునే వచ్చారా, అదీ మేమే కడగాలా?"

"నీ చేతి ముష్టికి కడిగిన చిప్ప ఒకటా అక్కా," అనేవాడాయన కంచం ముందుకి జరుపుతూ.

జవాబు వస్తేనే గరిటె వంగుతుంది. అది పద్ధతి. జవాబు తట్టకపోతే కూర చల్లారేదాకా అలా కూర్చోవలసిందే. తర్వాత అమ్మమ్మ. కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయంటారే, మరి ఈ కొండ ఎప్పుడు కరుగుతుందమ్మా అని కూతురు అడిగితే, నీ వంట తిని ఎక్కడి కొండ అక్కడే గట్టిపడిపోయిందని ఆ బోసినోరు చెప్పేది. ఆ తర్వాత అత్తగారి కూతురు. పెళ్ళయినా పుట్టింటి గుమ్మం వదలని జోలెసంచి అని ఆమెకి బిరుదు. జోలెకి చిల్లు పడింది, సగం కారిపోతుంది, ఇంకో గరిటె వెయ్యమనేది ఆమె. బల్ల కింద తిరిగే పిల్లికి కూడా వంతు ఉంది. మీసాలున్న బిచ్చగాడివి నువ్వొక్కడివే అని దానికొక ముద్ద. అది జవాబుగా ఒక్కసారి అరిచి తినేది. పద్ధతి దానికీ తెలుసు.

ఆ తర్వాత గరిటె అల్లుడి దగ్గరికి వచ్చేది.

గది ఒక్కసారిగా సర్దుకునేది. మావయ్య కంచంలోకి చూసుకునేవాడు. అమ్మమ్మ చెయ్యి నోటి దగ్గర ఆగిపోయేది. అత్తగారు గొంతు మార్చుకుని, "తీసుకోండి బాబూ, మొహమాటపడకండి," అని, గిన్నె అడుగునుంచి మంచి ముక్కలు ఏరి అతనికి వేసేది.

అతను తలవంచుకుని తినేవాడు. కూర చాలా బాగుండేది. బల్ల కిందినుంచి మూతి నాక్కుంటూ పిల్లి అతని వైపు చూసేది. దాన్ని చూస్తే అతనికి అసూయగా ఉండేది.

*

పెళ్ళయి నెల తిరక్కముందే అతను పనిచేసే ట్రావెల్స్ ఆఫీసు మూతపడింది. కొన్నాళ్ళపాటేగా అనుకుని ఇద్దరూ ఆమె పుట్టింటి మేడ మీద గదిలోకి వచ్చేశారు. గదిలో సగం దిండ్లే. చిన్నవి, పెద్దవి, నమూనాకి కుట్టినవి, ఎవరో కుట్టించుకుని తీసుకెళ్ళడం మరిచిపోయినవి. కింద మిషను మొదలైతే నేల సన్నగా గుర్రుమనేది. ఒక పెద్ద జంతువు పొట్ట మీద కాపురం పెట్టినట్టు ఉండేది వాళ్ళకి.

ఆమెని ఇంట్లో అందరూ పింజ అని పిలుస్తారు. చిన్నప్పుడు దూదికుప్పలో పడుకుని దొరక్కుండా పోయేదట. ఇప్పటికీ ఆమె ఎక్కడినుంచి వచ్చినా జుట్టులో ఒక పింజ ఉంటుంది. దాన్ని తీసి ఊదడం అతని పని, అతని కాలరు మీదికి చేరినవి ఏరడం ఆమె పని. ఈ రెండు పనులకే వాళ్ళకి పొద్దు చాలేది కాదు. ఒకసారి అతను ఊదిన పింజ కిటికీలోంచి బయటికి వెళ్ళి, ఎదురింటి డాబా దాటి, ఎండలో మెరుస్తూ ఎంతకీ దిగలేదు. ఇద్దరూ కిటికీ దగ్గర చేతులు పట్టుకుని, అది కనబడనంత దూరం పోయేదాకా చూస్తూ నిలబడ్డారు. కిందినుంచి అత్తగారు రెండుసార్లు పిలిచినా వినపడలేదు.

కిందికి దిగితేనే కష్టం. పొద్దున ఉద్యోగం కోసం తిరిగి వచ్చాక అతనికి చేతులు ఊరికే ఉండేవి కావు. దూది నింపి మూతి కుట్టిన పరుపుని ఇటుపక్కనుంచి అటుపక్కకి తిప్పాలంటే ఇద్దరు మనుషులు కావాలి. మావయ్య ఏకే మిషను వదిలి రాలేడు, పింజ కుట్టుమిషను దగ్గర ఉంటుంది. అత్తగారు ఒక్కతే మోకాలు ఆనించి, భుజం తోసి, పరుపుతో కుస్తీ పట్టినట్టు దాన్ని బోర్లా తిప్పేది. అతను లేచి రెండో కొస అందుకోబోతే, "వద్దు బాబూ, దుమ్ము. మీరు కూర్చోండి," అనేది. అతని కోసం ఒక మంచి కుర్చీ తెప్పించారు. అందులో వేసిన మెత్త కూడా కొత్తది. ఆ కుర్చీలో కూర్చుంటే తనని అమ్మకానికి పెట్టినట్టు అనిపించేది.

ఒకరోజు దారం ఉండలు తెస్తానని తనే బలవంతంగా బయల్దేరాడు. వీధి చివర దారాల కొట్టాయన ఉండలు కట్టిస్తూ, అత్తారింటి పరుపు మెత్తగా ఉందా అని అడిగాడు. పక్కనున్న ఇద్దరు నవ్వారు. మెత్తగానే ఉందండీ అని అతనూ నవ్వాడు. వెనక్కొస్తుంటే వీధి పొడవునా ఆ నవ్వు చొక్కాకి అంటుకునే వచ్చింది. దూదయితే దులపచ్చు.

దారం ఉండలు పట్టుకుని గుమ్మం ఎక్కుతుంటే లోపల మావయ్య ఏదో కథ చెబుతున్నాడు. ఏటా అదే పరుపు తెచ్చి, ఈసారికి ఊరికే సరిచెయ్యండని బతిమాలే ఒకాయన గురించి. "పనా పాటా, వాడు జీవితమంతా అలా కూర్చుని తి..." అన్నాడు మావయ్య. అంతలో గుమ్మంలో అతన్ని చూశాడు. అత్తగారు దగ్గింది. మావయ్య గుటక వేసి, "...తీరిగ్గా గడిపాడు పాపం," అని ముగించాడు. ఏమీ లేనిదానికి పింజ పెద్దగా నవ్వింది.

అతనికి అప్పుడు తెలిసింది. ఇంటిల్లిపాదీ కూడబలుక్కున్నారు. నిజం కానప్పుడే ఏ మాటయినా సరదా. అతని విషయంలో మాత్రం ఆ మాటలు నిజమయ్యాయి గనక నోటిదాకా వచ్చి వెనక్కి వెళుతున్నాయి. మావయ్య మింగిన ముక్క అతని గొంతులో అడ్డంపడింది.

*

పొద్దు వాలుతుండగా డాబా మీద దిండు గలీబులు ఆరేసి ఉన్నాయి. గాలికి అన్నీ ఒకేసారి పొట్టలు పెంచి, ఒకేసారి తగ్గించుకుంటున్నాయి. వాటి మధ్య దాక్కుని పింజ అతన్ని వెతికించింది. దొరికాక, దొరికినట్టు కాదు, నేనే దొరికాను అని పేచీ పెట్టింది. అప్పుడు చెప్పాడతను.

ఓడలరేవు ఊళ్ళో ఒక గోదాములో గుమాస్తా పని ఉందట. పాత స్నేహితుడు కబురు చేశాడు. ఒక గదిలో అరడజను మంది మగవాళ్ళు ఉంటారు. ఆమెని తీసుకెళ్ళడానికి ఇప్పట్లో వీలుపడదు.

"ఎప్పుడు?" అంది ఆమె.

"ఎల్లుండి. మధ్యాహ్నం బస్సుకి."

ఆమె అతని కాలరు మీద పింజ ఏరబోయింది. అక్కడేమీ లేదు. అయినా ఏరుతూనే ఉంది.

"ఎందుకు?"

"ఇంకెన్నాళ్ళు మీ అమ్మ మోచేతి నీళ్ళు తాగుతూ ఉండను?"

"అలా అని ఎవరన్నారు?"

"ఎవరూ అనలేదు. అందరినీ అంటారు, నన్ను ఒక్క మాట అనరు. అదే."

గలీబులు నిండాయి, ఖాళీ అయ్యాయి. అన్నందుకు అలిగి వెళ్ళిపోయిన అల్లుళ్ళని విన్నాను గానీ, అననందుకు వెళ్ళిపోయేవాడిని నిన్నే చూస్తున్నానంది చివరికి. నవ్వబోయింది. నవ్వు సగంలో ఆగిపోయి, తల అతని చొక్కాలో దాచుకుంది.

*

మర్నాడు అతను అమ్మమ్మ పక్కన కూర్చున్నాడు. ఆ ఇంట్లో అతనికి అనుమతి దొరికిన పని ఒకటే, అమ్మమ్మ దబ్బనాలకి దారం ఎక్కించడం. ఆవిడ దారాన్ని మైనపు ముద్ద మీద లాగి నున్నగా చేసి ఇస్తుంది, అతను ఎక్కిస్తాడు. ఎండ ఏటవాలుగా పడుతోంది. ఎండ పడినంతమేరా గాలిలో దూది కనబడుతోంది. దాటితే కనబడదు. అమ్మమ్మ సగం ఎండలో, సగం నిద్రలో ఉంది.

మీ ఇంట్లో ఈ ముష్టి మాటలు ఎలా మొదలయ్యాయని అతను అడిగాడు. ఎలాగూ వెళ్ళిపోయేవాడు గనక అడిగాడు.

ఆవిడ కళ్ళు తెరవకుండానే చెప్పింది. ఇద్దరు పిల్లల్ని వెంటేసుకుని ఈ ఊరొచ్చిన కొత్తలో, పాత బొంతలు బాగుచేస్తామని ఇల్లిల్లూ తిరిగేవారట. తలుపు తీసినవాళ్ళు ఒక్కొక్కరు ఒక్కొక్క మాట అనేవారట. అడుక్కుతినేవాళ్ళు, జోలెగాళ్ళు, దేబెమొహాలు, ఊరిమీద పడి మేసేవాళ్ళు.

"పిల్లలు ఏడ్చేవాళ్ళు. ఏం చెయ్యను? సాయంత్రం ఇంటికొచ్చి నేనే ఆ మాటలు అంటూ అన్నం పెట్టేదాన్ని. దొరగారూ ముష్టి తీసుకోండి అని. పిల్లలు నవ్వేవాళ్ళు. వీధికుక్కలు ఉంటాయి చూడు. ఇంట్లోకి తెచ్చి నాలుగు మెతుకులు వేస్తే మళ్ళీ కరుస్తాయా?"

అతని చేతిలో దారం ఆగింది.

"మరి నన్ను అనరేం?"

"మీ అత్తే వద్దంది," అంది అమ్మమ్మ. "వీధిలో నిన్నందరూ అంటున్నారుగా. ఇంట్లో కూడానా, ఆ పిల్లాడి మొహం చూడలేను, ఎవరైనా నోరు జారారో ఊరుకోను అని మా అందరి దగ్గరా మాట తీసుకుంది. పిల్లి దగ్గర తప్ప."

ఏటవాలు ఎండ కొంచెం జరిగింది. ఇంకో దబ్బనం అందిస్తూ అతను, మరి అత్తయ్యని ఏమంటారు, ఎప్పుడూ వినలేదే అన్నాడు.

"దాన్నెవరంటారు? అన్నం పెట్టే చేతికే అనే హక్కు. నా మోకాళ్ళు పోయాక గరిటె దాని చేతికి వెళ్ళింది. ఆ తర్వాత దానికి వడ్డించినవాళ్ళు లేరు."

అప్పుడతను చూశాడు, కళ్ళ ముందే ఉండి ఇన్నాళ్ళూ చూడని దాన్ని. ఆ బల్ల మీద అత్తగారి కంచం లేదు. అందరూ తిని లేచాక ఆవిడ వంటింటి గట్టు దగ్గర నిలబడి, గిన్నెలో మిగిలింది గిన్నెలోనే కలుపుకుని, చల్లారిన అన్నం నాలుగు ముద్దలు తింటుంది. ఒక కన్ను బల్ల పక్కన సగం కుట్టిన పరుపు వైపే ఉంటుంది. ఎవరూ ఏమీ అనరు. అనడానికి ఆవిడ కూర్చుంటేగా.

తనూ ఆవిడా ఒకే గీతకి ఇవతల ఉన్నారు. మిగతా ఇల్లంతా అవతల ఉంది.

*

వెళ్ళే రోజు పొద్దున అతను సంచి కోసం వెతికాడు. దిండ్ల మధ్య ఇంకో దిండులా కూర్చుని ఉంది సంచి. బాగా ఉబ్బి ఉంది. ఎత్తితే బరువు లేదు. తెరవబోతే మూతి లేదు. ఈ చివరనుంచి ఆ చివరదాకా పరుపు కుట్టు, దగ్గర దగ్గరగా, గట్టిగా, మైనం పట్టిన దారంతో. అతని చొక్కాలు మాత్రం మళ్ళీ చిలక్కొయ్యకి వేలాడుతున్నాయి. చివర ముడి వంకరగా ఉంది. ముడి వెయ్యడం పింజకి ఎప్పుడూ సరిగ్గా రాదు.

కిందికి దిగితే పింజ మిషను ముందు కూర్చుని, లోకంలో దిండు అంచు తప్ప మరేమీ లేనట్టు కుడుతోంది. చెవులు మాత్రం ఎర్రగా ఉన్నాయి. అతను ఏమీ అడగలేదు. దబ్బనాల డబ్బా పక్కనే కత్తెర ఉంది. దాన్నీ ముట్టుకోలేదు. సంచి ఒడిలో పెట్టుకుని ఆ మంచి కుర్చీలో కూర్చున్నాడు. ఒళ్ళో అంత మెత్తగా ఉంటే ప్రయాణం గురించి ఆలోచించడం కష్టంగా ఉంది. బయట వీధి, లోపల మిషన్ల చప్పుడు, తేలే దూది, అన్నీ కలిసి అతనికి ఒక పగటికల నడుస్తున్నట్టుగా ఉంది. కలలో ఒక మాట మాత్రం పదే పదే కుదుర్చుకుంటున్నాడు, పాఠం ఒప్పజెప్పబోయే పిల్లాడిలా.

మిషన్లు ఆగాయి. గుడ్డ మడిచారు. కంచాలు పరిచారు. అల్లుడుగారి ప్రయాణం గనక అత్తగారు గుడ్లు కూడా ఉడకబెట్టింది. గిన్నె, గరిటె పట్టుకుని వచ్చి మావయ్య ముందు ఆగి నోరు తెరవబోయింది.

"అత్తయ్యా, ఆ గరిటె ఇలా ఇస్తారా," అన్నాడతను.

బస్సుకి టైమవుతోందేమో, తనే వేసుకుంటాడు కాబోలనుకుంది ఆవిడ. ఇచ్చేసింది. అతను గిన్నె కూడా తీసుకున్నాడు. తన కంచం తీసి బల్ల కొసన ఖాళీగా ఉన్న చోట పెట్టి, దాని ముందుకి ఆ మంచి కుర్చీ జరిపి, కూర్చోమన్నాడు. నేనా, నేను తర్వాత తింటాను బాబూ అని ఆవిడ రెండడుగులు వెనక్కి వేసింది. మోకాళ్ళ వెనక కుర్చీ తగిలింది. కూర్చుండిపోయింది.

పొద్దుటినుంచి కుదుర్చుకున్న మాటలన్నీ మిషనులో పడ్డ దూదిలా విడిపోయాయి. దొరికినవి పట్టుకున్నాడు.

"వచ్చారా... పరుపుల మహారాణిగారు. మా నలుగురి నెత్తిన కూర్చుని ఇన్నాళ్ళూ తేరగా మేస్తున్నారు. చిప్ప తెచ్చుకున్నారా, అరువివ్వమంటారా?"

మావయ్య నోరు తెరుచుకుని అలాగే ఉండిపోయింది. పింజ రెండు చేతులతోనూ మొహం కప్పుకుంది, వేళ్ళ సందుల్లోంచి చూస్తోంది. కప్పు దగ్గరినుంచి ఒక దూదిపింజ బయల్దేరి, ఎటు పోవాలో తోచనట్టు బల్ల మీద తిరుగుతోంది. జవాబు రానిదే గరిటె వంచకూడదు. అతను వంచలేదు. నిండు గరిటెనుంచి కంచం అంచున రెండు చుక్కలు పడ్డాయి.

ఆవిడ ఆ చుక్కల్ని చూసింది. గరిటెని చూసింది. గరిటెని ఇటువైపునుంచి చూసి ఎన్నాళ్ళయిందో.

"చిప్ప నీదే లాక్కున్నానుగా," అంది. "వంచు గరిటె. పెళ్ళాం పుట్టింట్లో పడి మేసే అల్లుడివి, ఒక ముష్టి కూడా తిన్నగా వెయ్యడం రాదు నీకు."

నీకు అంది. అతను గరిటె వంచాడు.

అంతే, మావయ్య కట్ట తెంచుకున్నాడు. ఇన్నాళ్ళూ ఎన్ని మింగానో తెలుసా అక్కా, కడుపుబ్బరం వచ్చింది అంటూ మొదలుపెట్టాడు. మోచేతి నీళ్ళవాడా, పరుపులో దూరిన నల్లీ, చెట్టెక్కి కూర్చున్న బదనికా, జోలె లేని జంగమా అని అతనికి దాచిపెట్టినవన్నీ ఒకదాని వెనక ఒకటి గుమ్మరించాడు. అతను ఒక్కొక్కదానికి ఒక్కొక్క జవాబు చెబుతూ వడ్డించాడు. అమ్మమ్మ తన వంతు ఇంకా రాలేదని కంచం మీద వేలితో టకటక కొట్టింది. కూర్చున్న కొండకి కూర కావాలా అని అడిగితే, కొత్త పూజారి చెయ్యి పొదుపుగా ఉందే అంది. పిల్లి అరిచింది. పింజ వంతు వచ్చేసరికి అతనికి ఏమనాలో తోచలేదు. ఆమెకీ జవాబు తోచలేదు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుంటూ ఉండిపోతే, కూర చల్లారుతోంది, కళ్ళతో తర్వాత అడుక్కోండి అన్నాడు మావయ్య.

అత్తగారు ఒక ముద్ద కలిపి నోట్లో పెట్టుకుంది. నమిలింది. ఆగింది.

"ఈ కూర వేడిగా ఉంటే ఇలా ఉంటుందా," అంది, ఎవరితోనూ కాదు.

ఆవిడ ఇంకో ముద్ద తింది. కళ్ళు పరుపు వైపు వెళ్ళలేదు.

వీధి చివర బస్సు హారను మోగింది. పింజ చెయ్యి కంచంలో ఆగింది. సంచి ఎక్కడుందా అని అతను చుట్టూ చూస్తే, అమ్మమ్మ దాన్ని నడుం వెనక పెట్టుకుని హాయిగా జారగిలబడి ఉంది. అది ఇక ఆవిడ దిండు. హారను రెండోసారి మోగి, దూరమై, వీధిలో మామూలు చప్పుళ్ళు మిగిలాయి. ఆ ఊళ్ళో గోదాములు లేకపోతే ఈ ఊళ్ళో లేవా, పొద్దున్నే పోయి వెతుక్కో, మధ్యాహ్నానికి వచ్చి తిట్టు తిను అని అత్తగారు చెప్పింది, కంచం వైపు చూస్తూనే. రేపటినుంచి గరిటె వంతులవారీగా పట్టుకుందామని పింజ అంది. అయితే ఆదివారాలు నావి అన్నాడు మావయ్య. అక్కని అనాల్సినవి ఆయన దగ్గర చాలా ఉన్నాయట.

అతను అందరికంటే ఆఖరున, అత్తగారి పక్కన కూర్చుని తిన్నాడు. ఆవిడే వడ్డించింది. మంచి ముక్కలు ఏరలేదు. గరిటెకి వచ్చినవే వేసింది.

చెయ్యి కడుక్కుని వచ్చి ఆవిడ బల్ల మీది గుడ్డ విప్పింది. మూతి కుట్టిన పరుపు ఒకటి తిప్పడానికి సిద్ధంగా ఉంది. ఒక కొస దగ్గర నిలబడి, వెనక్కి తిరగకుండానే, "తిన్నది చాలు, లే. ఆ కొస పట్టుకో," అంది.

అతను పట్టుకున్నాడు. అనుకున్నదానికంటే బరువుగా ఉంది. ఇద్దరూ ఒకేసారి ఎత్తారు. పరుపు గాలిలో నిలువుగా లేచి, ఒక్క క్షణం అటు ఆవిడకి అతను, ఇటు అతనికి ఆవిడ కనబడకుండా నిలబడి, మెత్తగా బోర్లా పడింది. గదిలో దూదంతా లేచింది.